ఒక్క లెన్సుతో అన్నీ తీయొచ్చా?
పారువేట గుర్రాలు నేర్పే పాఠం: దూరం కన్నా వెలుతురే ముఖ్యం

మద్దికెర: విజయదశమి సాయంత్రం మద్దికెర వీధుల్లో కాలు మోపే చోటుండదు. యాదవరాజుల వంశీకులైన కుటుంబాల వారు తలపాగాలు చుట్టి, అలంకరించిన గుర్రాలెక్కి సుమారు 3 కిలోమీటర్ల దూరంలోని బొజ్జనాయునిపేటకు వెళ్తారు. అక్కడ భోగేశ్వరస్వామికి పూజలు చేసి తిరుగు ప్రయాణంలో గుర్రాలను పరుగు తీయిస్తారు. ముందుగా ఊరు చేరిన వారిదే గెలుపు. ఈ పారువేటను చూడడానికి చుట్టుపక్కల ఊళ్ల జనం తరలివస్తారు. మిద్దెల మీద, గోడల మీద ఎక్కడ చూసినా జనమే. ఇప్పుడు వారిలో చాలామంది చేతుల్లో సెల్‌ఫోన్లు కూడా ఉంటున్నాయి.

ఆ జనం మధ్య మెడకు కెమెరా తగిలించుకున్న వారు కొందరు కనిపిస్తారు. పెండ్లిళ్లు, నామకరణాలు, జాతరలు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు వారికి బతుకుతెరువు. సెల్‌ఫోను వచ్చాక చిన్నాచితకా ఫోటోలు ఇంటివారే తీసుకుంటున్నారు. దానికి డబ్బులిచ్చే వారు లేరు. ఫోనుకు చిక్కనిది తీసి చూపితేనే కెమెరా మనిషికి పిలుపు వస్తుంది. దూరంగా ఉన్నది, వేగంగా కదిలేది, మసక వెలుతురులో ఉన్నది ఫోనుకు కష్టం. పారువేటలో ఈ మూడూ ఒకేసారి ఎదురవుతాయి.

కెమెరాతో పాటు వచ్చిన చిన్న లెన్సు దీనికి చాలదని కొత్తవారికి త్వరలోనే తెలిసిపోతుంది. చేతిలో ఉన్న కాస్త డబ్బుతో, చాలకపోతే అప్పుతో, పట్నం వెళ్లి ఒక లెన్సు తెచ్చుకోవాలనుకుంటారు. రెండు మూడు కొనే స్తోమత ఉండదు కనుక అన్నింటికీ పనికొచ్చే ఒక్కటి కావాలంటారు. దుకాణంలో మొదట అడిగే మాట ఒకటే: ‘‘అన్నా, ఇది ఎంత దూరం లాగుతుంది?’’

అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది. ‘‘అంత దూరం లాగినప్పుడు ఎంత వెలుతురును లోపలికి రానిస్తుంది?’’ అన్నదే ఆ ప్రశ్న. అది అడగకుండా కొన్న లెన్సు పండుగ రోజున గుర్రాన్ని దగ్గరకు తెస్తుంది కాని మసకగా తెస్తుంది.

అడుగుల్లో కొలిచి చూస్తే

లెన్సు మీద 18-55, 18-200 అని మిల్లీమీటర్లలో అంకెలుంటాయి. చిన్న అంకె వైపు తిప్పితే ఎక్కువ మేర కనిపిస్తుంది. పెద్ద అంకె వైపు తిప్పితే దూరంలో ఉన్నది దగ్గరవుతుంది. ఇలా తిప్పే వీలున్నదే జూమ్ లెన్సు.

మధ్యరకం డిజిటల్ కెమెరాల్లో బొమ్మ పడే పలక వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. కెనాన్‌లో ఇంకొంచెం తక్కువ. పాత ఫిల్ము కెమెరాల్లో, ఇప్పటి ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లో ఇది 36 మిల్లీమీటర్లు. పలక వెడల్పును లెన్సు అంకెతో భాగించి, మనిషి నిలబడిన దూరంతో గుణిస్తే ఎన్ని అడుగుల మేర ఫోటోలో పడుతుందో తెలుస్తుంది.

మధ్యరకం కెమెరాతో పెండ్లివారింటి గదిలో 10 అడుగుల దూరాన నిలబడ్డారనుకుందాం. 18 దగ్గర 13 అడుగుల మేర పడుతుంది. వధూవరులు, ఇరువైపులా తల్లిదండ్రులు, మేనమామ అందరూ ఇముడుతారు. అదే 28 దగ్గర 8 అడుగుల పైచిలుకే వస్తుంది. మేనమామ భుజం తెగిపోతుంది. వెనక్కు జరుగుదామంటే వీపుకు గోడ తగులుతుంది.

ఇప్పుడు పారువేట దారికి వద్దాం. గుర్రం 100 అడుగుల దూరంలో ఉంది. 50 దగ్గర 47 అడుగుల మేర పడుతుంది. గుర్రం చిన్నదిగా, జనం ఎక్కువగా కనిపిస్తారు. 135 దగ్గర 17 అడుగులు. 200 దగ్గర 12 అడుగుల లోపు. గుర్రం, దానిమీది రౌతు నిండుగా ఇముడుతారు. 400 దగ్గర ఆరడుగులు కూడా రాదు. గుర్రం తోక బయటే ఉండిపోతుంది.

కాబట్టి మన ఇళ్లకు 18 తప్పనిసరి. పారువేటకు 135 నుంచి 200 దాకా చాలు. 400 ఉందని మురిసిపోయి డబ్బు పోసే ముందు ఈ లెక్క చూసుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల కోసం చేసిన 24-105, 28-200 వంటి లెన్సులను మధ్యరకం కెమెరాకు తగిలించినా పనిచేస్తాయి. అయితే చిన్న గదుల్లో అవి ఇరుకవుతాయి.

తిరగేసి చదవాల్సిన అంకె

లెన్సు మీద ఎఫ్ అనే అక్షరం పక్కన ఇంకో అంకె ఉంటుంది. అది లెన్సు ఎంత విప్పారుతుందో చెబుతుంది. కిటికీ రెక్క ఎంత తెరిస్తే గదిలోకి అంత వెలుతురు వచ్చినట్టే ఇది కూడా. దీన్ని తిరగేసి చదవాలి. అంకె చిన్నదైతే కిటికీ పెద్దది. ఎఫ్ 2.8 ఉన్న లెన్సు లోపలికి పంపే వెలుతురులో ఎఫ్ 5.6 లెన్సు పంపేది నాలుగో వంతే. ఎఫ్ 6.3 అయితే ఐదో వంతు.

అన్నింటికీ ఒకటే అనే లెన్సుల మీద ఎఫ్ 3.5-5.6 అనో, 3.5-6.3 అనో ఉంటుంది. మొదటి అంకె దగ్గరి చూపుకు, రెండోది దూరపు చూపుకు వర్తిస్తుంది. అంటే దూరం లాగేకొద్దీ కిటికీ మూసుకుపోతుంది. గుర్రం కోసం 200 దాకా తిప్పిన క్షణంలోనే లెన్సు వెలుతురును తగ్గించేస్తుంది.

పరుగెత్తే గుర్రం గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుంటే సెకనుకు 12 మీటర్ల పైగా కదులుతుంది. షట్టర్ సెకనులో వెయ్యోవంతు తెరుచుకుంటే ఆ లోపు గుర్రం సెంటీమీటరు పైచిలుకు జరుగుతుంది. ఫోటోలో అది పెద్దగా తెలియదు. ఎఫ్ 2.8తో ఆ వేగం దొరికే సాయంత్రపు వెలుతురులోనే ఎఫ్ 6.3 లెన్సుకు రెండువందలో వంతు వేగమే దొరుకుతుంది. ఆ సందులో గుర్రం ఆరు సెంటీమీటర్లు జరిగిపోతుంది. కాళ్లు ఇంకా వేగంగా ఆడుతాయి కనుక అవి పొగలాగా అలుక్కుపోతాయి.

లెన్సులో చేతి వణుకును ఆపే ఏర్పాటు ఉంది కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. అది తీసేవారి చేతి వణుకును మాత్రమే సరిచేస్తుంది. గుర్రాన్ని ఆపలేదు. కదలని గుడి గోపురానికి అది బాగా ఉపయోగం. పారువేటకు కాదు.

కెమెరాలో ఐఎస్‌ఓ అంకె పెంచుకుంటే చీకట్లోనూ వేగం దొరుకుతుంది. కాని బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. కొత్త కెమెరాల్లో ఈ గరుకు తగ్గింది. పదేళ్ల నాటి కెమెరా వాడేవారు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. వెలుతురు తక్కువైతే లెన్సు ఫోకస్ దొరక్క ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది. ఈలోగా గుర్రం దాటిపోతుంది.

గుర్రం కోసం పన్నెండు కెమెరాలు

గుర్రానికీ కెమెరాకూ మధ్య పోటీ ఈనాటిది కాదు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను విడుస్తాయా అన్న ప్రశ్న అమెరికాలో లేచింది. కాలిఫోర్నియా మాజీ గవర్నరు లీలాండ్ స్టాన్‌ఫోర్డ్ దాన్ని తేల్చే పని మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరుకు అప్పగించారు. 1878 జూన్‌లో పాలో ఆల్టోలో ఆయన 12 కెమెరాలను వరుసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టారు. గుర్రం దారాలను తెంపుకుంటూ పోతుంటే ఒక్కొక్క కెమెరా పనిచేసింది. నాలుగు కాళ్లూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు గుర్రం గాలిలో ఉంటుందని తేలిపోయింది. అంతవరకు చిత్రకారులు ముందుకూ వెనక్కూ చాపిన కాళ్లతో గాలిలో తేలే గుర్రాన్ని గీస్తూ వచ్చారు.

ఆ పని ఆయన ఎండలో, తెల్లటి గోడను నేపథ్యంగా పెట్టుకుని చేశారు. ఆయనకూ అసలు సమస్య వెలుతురే మరి.

ఇటు జూమ్ లెన్సుల కథ చూస్తే ఫోటో కెమెరా కోసం చేసిన తొలి జూమ్ 1959లో జర్మనీకి చెందిన ఫోక్ట్‌లాండర్ సంస్థ నుంచి వచ్చింది. అది 36 నుంచి 82 దాకా పోయేది. జపాన్‌కు చెందిన టామ్రాన్ 1992లో చేతిలో పట్టేంత చిన్న 28-200 తెచ్చింది. ఒకే లెన్సుతో ఊరంతా తిరిగి రావచ్చన్న ఆలోచన అప్పటి నుంచి బలపడింది. డిజిటల్ కాలంలో 2005లో నికాన్ 18-200 వచ్చింది. 2017లో టామ్రాన్ 18-400 దాకా పోయింది. దూరం పెరుగుతూ వచ్చింది కాని దూరపు కొసన కిటికీ మాత్రం చిన్నదిగానే ఉండిపోయింది. దాన్ని పెద్దది చేయాలంటే గాజు పెరగాలి, బరువు పెరగాలి, ధర పెరగాలి. 18-400 లెన్సు బరువు సుమారు 700 గ్రాములు. ఎఫ్ 2.8తో 70 నుంచి 200 దాకా పోయే పెద్ద లెన్సులు కిలోన్నర దాకా తూగేవి ఉన్నాయి.

మడకతో దున్నుతాం, గొర్రుతో విత్తుతాం, గుంటకతో కలుపు తీస్తాం. మూడు పనులూ ఒకే పనిముట్టుతో కావాలంటే ప్రతి పనిలోనూ కొంత నష్టపోవాలి. లెన్సు సంగతీ అంతే.

మన పండుగల్లో ఏది పనికొస్తుంది?

అలాగని 18-200 వంటి లెన్సును తీసిపారేయాల్సిన పని లేదు. దాని బలం ఎక్కడో తెలిస్తే చాలు. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు జరిగే పిడకల సమరం చూసినవారికి తెలుసు. పిడకల పొడి ఊరంతా మేఘంలా కమ్ముకుంటుంది. అక్కడ ఒక లెన్సు తీసి ఇంకోటి తగిలిస్తే కెమెరా లోపలికి దుమ్ము పోయినట్టే. ఎండ ఉన్నంతసేపు అక్కడ అన్నింటికీ ఒకటే అనే లెన్సుకు సాటి లేదు. పిడకలు తగలనంత దూరం నుంచి తీసుకునే వీలూ ఉంటుంది. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో పగటిపూట రథం తీయడానికీ ఇది హాయిగా సరిపోతుంది.

హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవం ఇందుకు పూర్తిగా వేరు. దివిటీల వెలుగులో కర్రలు ఆడుతుంటాయి. ఎఫ్ 6.3 లెన్సుకు అక్కడ నల్లటి తెర తప్ప పెద్దగా ఏమీ దొరకదు. ఎఫ్ 2.8 అయినా కష్టంతోనే పని. మనుషులకు దెబ్బలు తగిలే చోటది. మంచి ఫోటో కోసం లోపలికి చొరబడడం కన్నా ఎత్తయిన చోటు వెతుక్కోవడం మేలు.

ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇళ్లలో మగ్గం గుంత దగ్గర, పెండ్లి పందిట్లో తలంబ్రాల వేళ, తెల్లవారుజామున ముహూర్తం పడినప్పుడు కూడా కావాల్సింది వెలుతురే. మద్దికెర మండలం పెరవలి రంగనాథస్వామి గుడి వంటి చోట స్తంభాలు తీసేటప్పుడు ఇంకో సంగతి గమనించాలి. అన్నింటికీ ఒకటే అనే లెన్సుల్లో 18 దగ్గర నిటారు స్తంభాలు బయటికి వంగినట్టు కనిపిస్తాయి. చాలా కొత్త కెమెరాలు దీన్ని వాటంతట అవే సరిచేస్తాయి. పాత వాటిలో కంప్యూటరులో సరిచేసుకోవాలి.

కొనే ముందు సొంత లెక్క

ఏ లెన్సు కొనాలో చెప్పగలిగే సాక్షి ఫోటోగ్రాఫరు కంప్యూటరులోనే ఉంది. ప్రతి డిజిటల్ ఫోటో వెనుక అది ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర, ఏ ఎఫ్ అంకెతో, ఎంత షట్టర్ వేగంతో, ఎంత ఐఎస్‌ఓతో తీశారో రాసి ఉంటుంది. ఫోటో వివరాలు తెరిస్తే కనిపిస్తుంది. గడిచిన ఏడాదిలో డబ్బులు తెచ్చిన ఫోటోలు ఓ రెండువందలు తీసుకుని వాటి అంకెలు కాగితం మీద వేసుకోవాలి.

ఎక్కువ ఫోటోలు 18-50 మధ్యనే ఉండి, ఐఎస్‌ఓ మాత్రం 1600, 3200 దాటుతోందంటే వారికి కావాల్సింది దూరం కాదు. ఎఫ్ 2.8తో 17-50, 18-50 వంటి లెన్సు కావాలి. టామ్రాన్, సిగ్మా సంస్థలు ఇలాంటివి చేశాయి. కెమెరా సంస్థల సొంత లెన్సుల కన్నా ఇవి సాధారణంగా చౌక. పెండ్లిళ్లే ఆదాయంగా ఉన్నవారికి చాలావరకు ఈ లెక్కే తేలుతుంది.

ఎక్కువ ఫోటోలు ఎండలో, కొస అంకె దగ్గర తీసినవి అయితే 18-135 గాని 18-200 గాని సరైనది. పొలాలు, జాతరలు, బడి ఆటలపోటీలు తీసేవారు, యాత్రలకు వెళ్లేవారు ఈ కోవలోకి వస్తారు. దూరం కొంత తగ్గినా 18-135 వంటివి బరువు తక్కువ.

18-50 కొన్నవారికి పారువేట ఎలా అన్న ప్రశ్న వస్తుంది. దానికి రెండు దారులున్నాయి. 24 మెగాపిక్సెల్ కెమెరాతో 50 దగ్గర స్పష్టంగా తీసిన ఫోటోలో గుర్రం మేర నాలుగో వంతు వెడల్పే ఉంటుంది. దాన్ని కత్తిరించి తీసుకుంటే ఒకటిన్నర మెగాపిక్సెల్ మిగులుతుంది. పోస్టుకార్డు సైజు ప్రింటుకు అది చాలు. దూరం నుంచి మసకగా తీసిన పెద్ద బొమ్మ కన్నా దగ్గర నుంచి స్పష్టంగా తీసి కత్తిరించినది నయం. రెండో దారి అద్దె. ఏడాదికి ఒక్క సాయంత్రం కోసం 70-200 ఎఫ్ 2.8 కొనాల్సిన పని లేదు. హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల్లో రోజు అద్దెకు లెన్సులు ఇచ్చేవారున్నారు. నలుగురు కలిసి తెచ్చుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.

చేతిలో ఉన్న లెన్సుతోనే తీయాల్సి వస్తే ఇంకో ఉపాయముంది. షట్టర్ వేగాన్ని సెకనులో అరవయ్యో వంతుకు తగ్గించి, గుర్రంతో పాటే కెమెరాను తిప్పుతూ బటన్ నొక్కాలి. జనం గీతలుగా అలుక్కుపోయి గుర్రం మాత్రం నిలుస్తుంది. ఒక్కరోజులో పట్టుబడే విద్య కాదిది. దారిన పోయే సైకిళ్ల మీద వారం రోజులు సాధన చేయాలి. ఫ్లాష్ మాత్రం వేయకూడదు. పరుగులో ఉన్న గుర్రం బెదిరితే పైనున్నవారికీ, దారి పక్కన ఉన్నవారికీ ప్రమాదం.

పాతది కొనేటప్పుడు

కెనాన్, నికాన్ రెండూ 2018లో కొత్త తరహా అద్దంలేని కెమెరాలకు కొత్త బిగింపులు తెచ్చాయి. చాలామంది వాటికి మారుతున్నారు కనుక పాత డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు వాడినవి దొరుకుతున్నాయి. చూసుకుని తీసుకుంటే మంచి బేరమే.

ముందుగా తన కెమెరాకు అది బిగుస్తుందో లేదో చూడాలి. కెనాన్‌లో ఈఎఫ్-ఎస్ అని ఉన్నవి ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలకు ఎక్కవు. నికాన్ డీ3000, డీ5000 వరసల్లోని కెమెరాలకు లోపల మోటారు లేదు. మోటారు లెన్సులోనే ఉండాలి, లేకపోతే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. తర్వాత టార్చిలైటు వేసి గాజు లోపల చూడాలి. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అది బూజు. దాన్ని వదిలేయడమే మంచిది. జూమ్ తిప్పితే ఇసుక చప్పుడు రాకూడదు. లెన్సును కిందికి వంచితే గొట్టం దానంతటదే జారుతుంటే అది అరిగిందని గుర్తు. కొనే ముందు సొంత కెమెరాకే తగిలించి రెండు కొసల్లోనూ పది ఫోటోలు తీసి, పెద్దవి చేసి చూసుకోవాలి.

జూమ్ లెన్సు గొట్టం బయటికి లోపలికి ఆడినప్పుడల్లా గాలిని పీల్చుకుంటుంది. గాలితో పాటు మన నల్లరేగడి దుమ్ము కూడా లోపలికి పోతుంది. పని కాగానే ఊదే బంతితో దుమ్ము పోగొట్టి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవాలి. దుమ్ము ఉండగా తుడిస్తే గాజు మీద గీతలు పడతాయి. వానాకాలంలో మూతబిగువున్న డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకుంటే బూజు పట్టదు.

తీయించుకునే వారికీ ఒక మాట

పెండ్లికి ఫోటోగ్రాఫరును మాట్లాడుకునేటప్పుడు ‘‘పెద్ద లెన్సు ఉందా?’’ అని అడుగుతుంటారు. ఆ పొడవు చూసి బయానా ఇవ్వడం కన్నా, రాత్రిపూట పందిట్లో తీసిన పాత ఫోటోలు నాలుగు చూపించమనడం మంచిది. ముఖాలు స్పష్టంగా ఉన్నాయా, గరుకుగా ఉన్నాయా అన్నది ఎవరికైనా కనిపిస్తుంది. అడిగేవారు అలా అడిగితే, కొనేవారు కూడా పొడవు కోసం కాకుండా వెలుతురు కోసం డబ్బు పెడతారు. అప్పు చేసి తెచ్చిన లెన్సు ఏడాదిలో ఎన్నిరోజులు కూడు పెడుతుందన్నది ఆ లెక్క మీదే ఆధారపడి ఉంది.